సోలార్ డ్రయ్యర్ మూతను గ్రైండర్‌తో కోయకండి

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న సోలార్ డ్రయ్యర్ పెట్టెకి అక్రిలిక్ షీటు మూత ఎలా కోసి బిగించామో పై వీడియోలో చూశారు. వీడియోలో సగానికి పైగా షీటు కోయడానికే పోయింది. "ఇంత లేటెందుకన్నా, గ్రైండర్ పెడితే అర నిమిషం పని" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అన్నారు. ఆ అర నిమిషం గురించే ఇవాళ రాస్తున్నా.

ఆ మూత కింద మనం ఆరబెట్టేది తిండి. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. పెళుసు ప్లాస్టిక్‌ని మొరటుగా కోస్తే అంచు వెంబడి పెచ్చులు లేస్తాయి, కంటికి ఆనని సన్నటి నెర్రెలు మిగిలిపోతాయి. కొన్ని పెచ్చులు కోసిన రోజే రాలిపోతాయి. మిగతావి ఎండకి సాగుతూ, రాత్రి చలికి ముడుచుకుంటూ, మూత ఎత్తి దించినప్పుడల్లా కొంచెం కొంచెంగా నెలల తరబడి రాలతాయి. రాలి ఎక్కడ పడతాయి? కింద ట్రేలో ఉన్న టమాటా ముక్కల మీద. పైగా అది గాజులాగా తెల్లగా, పారదర్శకంగా ఉండే పెచ్చు. మామిడి తాండ్ర మీద పడిందంటే అతుక్కుని అందులోనే ఉండిపోతుంది. కరివేపాకు, మునగాకు పొడి చేసేవాళ్ల మిక్సీలో పడితే ఇంకా చిన్న ముక్కలవుతుంది, జల్లెడలోంచి కూడా జారిపోతుంది.

ఇనుప రజను అయితే అయస్కాంతం పెట్టి తీయొచ్చు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఉండే మెటల్ డిటెక్టర్ కూడా లోహాన్నే పడుతుంది. ప్లాస్టిక్ పెచ్చుని పట్టే సాధనం మన స్థాయిలో ఏదీ లేదు. ఒకసారి సరుకులో కలిశాక తీయలేం కాబట్టి, కలవకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

ఇంత చిన్న పనికి ఇంత రాయాలా అనుకోకండి. మదనపల్లె వైపు టమాటా రైతులకి ఈ పెట్టె విలువ చెప్పక్కర్లేదు. రేటు పడిపోయి, కోత కూలి కూడా గిట్టక కాయని చెట్టు మీదే వదిలేసిన రోజులు అందరికీ తెలుసు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. 100 కిలోలు ఎండబెడితే ఆరేడు కిలోలకి మించి మిగలదు. కానీ ఆ ఆరేడు కిలోలు నిల్వ ఉంటాయి, మార్కెట్‌లో ఇవాళ్టి రేటుకే అమ్ముకోవాల్సిన గతి తప్పుతుంది. మంచం మీద గుడ్డ పరిచి ఎండబెట్టే ఒరుగులకి దుమ్ము, ఈగలు, పక్షులు, సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే వాన. పెట్టెలో ఆ బాధ లేదు, మంచి ఎండలో లోపల 50 నుంచి 60 డిగ్రీల దాకా వేడి ఎక్కుతుంది. అందుకే ఇప్పుడు పొదుపు సంఘాల అక్కల దగ్గర్నుంచి, ఉద్యోగం వదిలి ఊరికొచ్చిన తమ్ముళ్ల దాకా చాలామంది సొంతంగా పెట్టెలు తయారు చేసుకుంటున్నారు. సంతోషమే. దుమ్ము పడకూడదని మూత పెట్టి, ఆ మూత నుంచే ముక్కలు రాలే పరిస్థితి తెచ్చుకోవడం మాత్రం తెలివి కాదు.

ఒక ఊళ్లో సంఘం షెడ్డులో నేను చూసిన పెట్టె చెప్తాను. వెల్డింగ్ షాపు కుర్రాడు ఇనుము కోసే డిస్కుతోనే అక్రిలిక్ షీటు కోసిచ్చాడట. అంచు పొడుగునా తెల్లగా కరిగి గడ్డకట్టిన ముద్దలు, మధ్యమధ్యలో రంపప్పళ్లలాగా పెచ్చులూడిన గుంటలు. నాలుగు మూలలా స్క్రూ బిగించిన చోట్ల నుంచి నెర్రెలు లోపలికి జానెడు పాకాయి. దాని కింద మామిడి ఒరుగులు. ఆ అక్కలది ఏ తప్పూ లేదు. అది తిండి పెట్టెకి మూత అని కోసినవాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు ఏ షీటు కొనాలో తొందరగా చెప్పేస్తా. గాజు మంచిదే, ఎండకి ఏమీ కాదు. కానీ మన సైజుకి 4 మిల్లీమీటర్ల గాజు 11 కిలోలు తూగుతుంది, అదే మందం అక్రిలిక్ అయిదున్నర కిలోల లోపే. రోజుకి నాలుగుసార్లు మూత ఎత్తే ఆడవాళ్లకి ఆ తేడా చిన్నది కాదు. పైగా మామూలు గాజు పగిలితే ఆ పెట్టెలో సరుకు గురించి మాట్లాడుకోవడమే వృథా. గట్టిపరిచిన గాజు అయితే సైజు ముందే చెప్పి చేయించుకోవాలి, ఇంటికి తెచ్చాక కోయలేం. డబ్బులున్నవాళ్లు గట్టి పాలికార్బోనేట్ షీటు తీసుకోండి, అది పెళుసు కాదు, సుత్తి దెబ్బకి కూడా త్వరగా పగలదు. ఒకటే జాగ్రత్త. చాలా షీట్లకి ఎండని తట్టుకునే పూత ఒక పక్కనే ఉంటుంది, ఏ వైపు పైకి పెట్టాలో కవరు మీద రాసి ఉంటుంది. కవరు పీకి పారేసి తిరగేసి బిగిస్తే కొన్నేళ్లకి పసుపెక్కి అదీ పెళుసవుతుంది. అక్రిలిక్ పుట్టుకతోనే పెళుసు, కానీ ఎండకి బాగా నిలబడుతుంది, వెలుతురు నూటికి 92 పాళ్లు లోపలికి వదులుతుంది. టౌనులో సైన్‌బోర్డులు చేసే షాపుల్లో మిగులు ముక్కలు తక్కువకి దొరుకుతాయి. అందుకే మనలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే. కొనేటప్పుడు 'కాస్ట్' షీటా, 'ఎక్స్‌ట్రూడెడ్' షీటా అని అడగండి. రెండోది కోసేటప్పుడు త్వరగా కరిగి బ్లేడుకి అంటుకుంటుంది. కాస్ట్ షీటే తీసుకోండి.

ఇక కోత. డిప్లొమాలో డ్రిప్ లేటరల్ ఎలా పరచాలో చెప్పారు గానీ ప్లాస్టిక్ ఎలా కోయాలో ఏ సారూ చెప్పలేదు. ఈ పని నేను నేర్చుకుంది సైన్‌బోర్డు షాపులో పనిచేసే ఒక తమ్ముడి దగ్గర. అతను చెప్పిన మొదటి మాటే ఇప్పటికీ నాకు గుర్తు: "అన్నా, ఇది ఎలాగూ పగులుతుంది. ఎక్కడ పగలాలో మనమే గీత గీసి చూపించాలి."

పెళుసు వస్తువు గుణమే అది. వంగదు, సాగదు. ఎక్కడ చిన్న గాటు ఉంటే లాగుడు బలమంతా అక్కడికే చేరి, పగులు అక్కడి నుంచి పరిగెడుతుంది. గ్రైండరైతే అంచు మీద వందల గాట్లు వదుల్తుంది, ఏ గాటు నుంచి ఎప్పుడు పగులు బయల్దేరుతుందో ఎవరికీ తెలియదు. తిన్నగా ఒకే ఒక్క లోతు గీత పెట్టి విరిస్తే పగులు ఆ గీత వెంటే పోతుంది, అంచు దాదాపు గాజంత నునుపుగా వస్తుంది. రాలేది కూడా గీత నుంచి వచ్చే సన్నటి చుట్టల్లాంటి పొట్టు మాత్రమే. దాన్ని కళ్లతో చూడొచ్చు, ఎత్తేయొచ్చు.

షీటుకి రెండు పక్కలా ఉండే కాగితం గానీ ప్లాస్టిక్ పొర గానీ పీకొద్దు, పని మొత్తం అయ్యేదాకా ఉండాలి. దాని మీదే పెన్నుతో గీత గీసుకోండి. ప్లాస్టిక్ కోసే కొక్కెం కట్టర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. లేదంటే విరిగిన ఆక్సా బ్లేడు ముక్క తీసుకుని కొసని సానరాయి మీద కొక్కెంలాగా అరగదీయండి, పట్టుకునే చోట గుడ్డ చుట్టండి. నేను వీడియోలో వాడింది అదే. గీత పక్కన ఇనుప స్కేలు గానీ తిన్నటి ఇనుప పట్టీ గానీ పెట్టి, దాన్ని రెండు క్లాంపులతో బిగించండి. చేత్తో పట్టుకుంటే ఎంత జాగ్రత్తపరుడికైనా అయిదో గీతకి జారుతుంది.

మొదటి రెండు మూడు గీతలు తేలిగ్గా లాగండి, దారి ఏర్పడాలి కదా. తర్వాత కొంచెం కొంచెం బరువు పెంచండి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆగకుండా, ఎప్పుడూ మన వైపుకే లాగాలి. 3 మిల్లీమీటర్ల షీటుకి పది పన్నెండు సార్లు, 4 మిల్లీమీటర్లకి ఇంకొన్ని ఎక్కువ. నాలుగు గీతలకే విరవబోతే షీటు మన మాట వినదు, గీత వదిలేసి ఒక పక్కకి తిరుగుతుంది. షీటు పాడయిందని నాకు ఫోన్ చేసినవాళ్లలో దాదాపు అందరిదీ ఇదే కథ. లోతు చాలిందా లేదా అన్నది గోరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, గోరు ఆ గాడిలో ఆగాలి.

తర్వాత గీత పైకి ఉండేట్టు, సరిగ్గా బల్ల అంచు మీదకి వచ్చేట్టు షీటుని పెట్టండి. బల్ల మీద ఉన్న భాగం మీద తిన్నటి చెక్క పెట్టి బిగించండి. బయట ఉన్న భాగాన్ని రెండు చేతులతో, దూరంగా పెట్టి, ఒక్కసారిగా కిందికి నొక్కండి. మెల్లగా వంచుతూ కూర్చోవద్దు. టక్కుమని విరుగుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన పిల్లలు ఉండకూడదు. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి, చల్లగా ఉంటే పెళుసుతనం ఇంకా ఎక్కువ. కాస్త ఎండెక్కాక చేయండి.

అంగుళం కన్నా సన్నటి పట్టీలు, వంపులు, అయిదారు మిల్లీమీటర్లు దాటిన మందం ఈ పద్ధతికి లొంగవు. వాటికి సన్న పళ్ల రంపం కావాలి. అంగుళానికి 24 గానీ 32 గానీ పళ్లున్న ఆక్సా బ్లేడు, రంపం ఏటవాలుగా, షీటు కింద పైన పల్చటి చెక్క పెట్టి, నెమ్మదిగా. కరెంటు జిగ్‌సా ఉన్నవాళ్లు స్పీడు తగ్గించి వాడుకోవచ్చు. నాకు దాంతో గొడవ లేదు.

గ్రైండర్‌తో ఎందుకంటే, అది నిమిషానికి 10 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ రాపిడి వేడికి అక్రిలిక్ ముందు కరుగుతుంది, కరిగింది డిస్కుకి అంటుకుంటుంది, డిస్కు పట్టేసి షీటుని విసిరికొడుతుంది. చేతులకి, మొహానికి ప్రమాదం. అది తప్పించుకున్నా, కరిగి గడ్డకట్టిన అంచు లోపల బిగుసుకుపోయి ఉంటుంది, పగలడానికి సిద్ధంగా. పొడి సంగతి చెప్పక్కర్లేదు, పది అడుగుల దాకా చిమ్ముతుంది. కళ్లంలోనో పశువుల కొట్టం ముందో పెట్టి కోస్తే ఆ పొడి గడ్డిలోకి, పేడలోకి, అక్కడి నుంచి ఘనజీవామృతంలోకి పోతుంది. మనమే మోసుకెళ్లి పొలంలో చల్లినట్టు. ఒకసారి మట్టిలో కలిసిన ప్లాస్టిక్ పొడిని మన వానపాము కూడా ఏమీ చేయలేదు.

కాబట్టి ఏ పద్ధతిలో కోసినా, పొలంలో వద్దు, కొట్టం దగ్గర వద్దు. గాలి లేని చోట, కింద పాత దుప్పటి పరిచి కోయండి. విరిచిన అంచుని ఆక్సా బ్లేడు వెనక వైపుతో రెండుసార్లు గీకి, 220 నంబరు నీటి ఎమరీ పేపరుతో, తర్వాత 400 నంబరుతో తడిపి రుద్దండి. తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవదు. ఆ నీళ్లని దళసరి గుడ్డలో వడగట్టి, గుడ్డని, దుప్పటిలో పొట్టుని మూటకట్టి పంచాయతీ బండికి పొడి చెత్త కింద ఇచ్చేయండి. పొయ్యిలో వేయొద్దు.

స్క్రూల విషయంలో నా అభిప్రాయం కొందరు వడ్రంగులకి నచ్చదు. మూతకి అసలు రంధ్రమే పెట్టకండి. నాలుగడుగుల అక్రిలిక్ షీటు పొద్దున 25 డిగ్రీల నుంచి మధ్యాహ్నం 60 డిగ్రీలకి వెళ్తే పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గట్టిగా బిగించిన స్క్రూ దాన్ని కదలనివ్వదు. రోజూ సాగుతుంది, రోజూ ముడుచుకుంటుంది, చివరికి రంధ్రం అంచు నుంచి నెర్రె పుడుతుంది. చెక్క ఫ్రేముకి గాడి తీసి, లేదా అల్యూమినియం చానల్ పెట్టి, షీటు అందులో వదులుగా జారేట్టు కూర్చోబెడితే చాలు, చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. తప్పదు, రంధ్రం కావాలి అంటే డ్రిల్ బిట్ పదును కొంచెం మొండి చేయండి, కొత్త బిట్ షీటులోకి దూసుకుపోయి అవతలి వైపు పెచ్చు లేపుతుంది. కింద చెక్క పెట్టి, తక్కువ స్పీడుతో, స్క్రూ కన్నా 3 మిల్లీమీటర్లు పెద్ద రంధ్రం పెట్టి, రబ్బరు వాషర్ వేసి వదులుగా బిగించండి.

మూత తుడిచేటప్పుడు స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, పెట్రోలు తాకనివ్వకండి. అక్రిలిక్ అంచులో బిగువు మిగిలి ఉంటే వీటికి సాలెగూడు లాంటి సన్న నెర్రెలు లేస్తాయి. ముఖ్యంగా షాపులో లేజర్‌తో కోయించిన షీట్లకి ఇది ఎక్కువ. చూడటానికి అంచు అద్దంలా ఉంటుంది, ఒక్కసారి శానిటైజర్ తగిలితే తెలుస్తుంది. కుంకుడు రసం కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

"ప్రకృతి వ్యవసాయం అంటూ ప్లాస్టిక్ ఎందుకు వాడాలి" అని అడిగే పెద్దలున్నారు. ఆ ప్రశ్నని నేను గౌరవిస్తా. కానీ మన డ్రిప్ పైపు ప్లాస్టిక్, జీవామృతం కలిపే 200 లీటర్ల డ్రమ్ము ప్లాస్టిక్, టమాటా క్రేటు ప్లాస్టిక్. వాడుతూనే వాడట్లేదన్నట్టు ఉండటం కన్నా, వాడే కొంచెాన్ని లెక్కగా వాడటం మేలని నా నమ్మకం. అక్రిలిక్ విషం కూడా కాదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు మొట్టమొదటిసారి మనిషి కంట్లో పెట్టిన లెన్సు ఈ అక్రిలిక్‌తో చేసిందే. యుద్ధంలో విమానం అద్దం ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు వాటిని ఓర్చుకోవడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. సమస్య పదార్థంతో కాదు, మూడేళ్ల పిల్ల నోట్లోకి పోయే పదునైన ముక్కతో. కొనేవాళ్లు మనకి రెండింతల రేటు ఇస్తున్నది రసాయనం లేదనే నమ్మకంతో మాత్రమే కాదు, ఇంట్లో చేసుకున్నంత శుభ్రంగా ఉంటుందని కూడా. చట్టం సంగతీ తెలుసుకోండి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 54వ సెక్షన్ ప్రకారం తిండిలో బయటి పదార్థం వస్తే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

డ్రమ్ముల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. నీలం డ్రమ్ము కొత్తలో పెళుసు కాదు. ఏళ్ల తరబడి ఎండలో పడేస్తే రంగు వెలిసి, చేత్తో రుద్దితే పొడి రాలే దశకి వస్తుంది. ఆ దశకి వచ్చినదాన్ని కోసి తొట్టిగా మార్చుకోవద్దు, పురుగుమందు వచ్చిన డ్రమ్ముని ఏ దశలోనూ వద్దు. జీవామృతం ఎలాగూ నీడలోనే ఉండాలి, డ్రమ్మునీ అక్కడే ఉంచండి.

మూత బిగించాక సరుకు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. దూది ఉండ తీసుకుని నాలుగు అంచుల వెంబడీ లోపలా బయటా నడిపించండి. ఎక్కడ దూది పీచు పట్టుకుంటే అక్కడ ఇంకా పెచ్చు ఉన్నట్టు, మళ్లీ ఎమరీ పట్టండి. ఒకరోజు ఖాళీ పెట్టెని ఎండలో ఉంచి, లోపల నల్ల గుడ్డ పరిచి, సాయంత్రం ఆ గుడ్డని టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. మెరిసే చుక్క కనబడితే ఆ మూత ఇంకా తయారవ్వలేదు. నెలకోసారి ఇదే దూది, ఇదే టార్చి.

సీజన్ మధ్యలో మూత పగిలిందనుకోండి. అప్పుడు ట్రేలో ఉన్న సరుకు మొత్తం తీసేయాలి, పైపైన ఏరి మిగతాది ప్యాక్ చేయకూడదు. ఆవులకి వేయొద్దు, కంపోస్టులో కూడా వేయొద్దు. ఈ సైజు పెట్టెలో ఒక విడతకి పట్టేది అయిదారు కిలోల పచ్చి ముక్కలు, రేటు లేని రోజుల్లో అది వంద రూపాయల టమాటా కూడా కాదు.